కాశీలో వదలాల్సిన విస్కీ

మా వియ్యంకుడు కాశీలో ఏది వదిలిపెట్టి రావాలన్న సమస్య మీద సికింద్రాబాదులో కార్ఖానా పేటలో ఒక ఇల్లూ, లాలాగూడలో ఒక ఇల్లూ రెండు రోజులు నిద్రాహారాలు మానేశాయి. మానేయలేదు లెండి. రెండిళ్లలోనూ వేళకు భోంచేశాం, మధ్యాహ్నం కునుకు కూడా తీశాం. కానీ సమస్య మాత్రం అంత పెద్దదే.

కాశీకి వెళ్లినవాళ్లు తమకిష్టమైన పండో, కూరగాయో, పిండివంటో గంగ ఒడ్డున వదిలేసి రావాలి. ఇక బతికున్నన్నాళ్లూ దాన్ని ముట్టకూడదు. ఈ ఆచారం అందరికీ తెలిసిందే, ఇందులో అందరూ చేసే మోసమూ తెలిసిందే. నేను కాశీలో మహాత్యాగం చేసి వచ్చానని చాలాకాలం చెప్పుకుని తిరిగాను. నేను వదిలింది పొట్లకాయ. పుట్టినప్పటి నుంచీ నాకూ దానికీ మాటల్లేవు. మా ఆవిడ మాత్రం జామపండు వదిలింది. నిజంగానే ప్రాణం పెట్టి తినేది. ఇప్పటికీ జామకాయల బండి ఎదురైతే రోడ్డుకు అవతలి పక్కకు మారి నడుస్తుంది.

వియ్యంకుడంటే నా కొడుక్కి పిల్లనిచ్చినాయన. రాణిగంజ్‌లో లారీల విడిభాగాల దుకాణం నడిపి, ఈమధ్యే తాళాలు కొడుకు చేతికిచ్చాడు. వాళ్లు తరతరాలుగా సికింద్రాబాదువాళ్లు. మేము గోదావరి వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లం. రైల్వేలో పెద్ద ఉద్యోగం చేశానని చెబుతుంటాను. పెద్దది కుర్చీ. పిల్లల పెళ్లయినప్పటి నుంచీ ప్రతి ఆదివారం సాయంత్రం ఆయనా నేనూ కార్ఖానాలో వాళ్లింట్లో కూర్చుని రెండేసి పెగ్గులు పుచ్చుకుంటాం. రెండేసి అన్నది మా ఆవిడకు చెప్పే లెక్క.

ఆ ఆదివారం మేమిద్దరం గ్లాసులు కడుక్కుని కూర్చునేసరికి మా వియ్యపురాలు చిక్కుడుకాయల జల్లెడతో వచ్చి ఎదురుగా కూర్చుంది.

"వచ్చే వారం కాశీకి పోతున్నం గద. మీరు మందు వదిలిపెట్టాలె. పూరా," అంది మొగుడితో.

"పూరా అంటె ఎట్లనే? ఏదన్న ఒక పండు, ఒక కూరగాయ అంటరు గాని."

"మీకు పండ్ల మీద ఎన్నడు మనసుండె? ఇష్టమున్నది వదిలితేనే లెక్క. అన్నా, మీరన్న చెప్పుండ్రి!"

అన్న అంటే నేను. ఆమె నన్ను న్యాయమూర్తిని చేసింది. న్యాయమూర్తి చేతిలో గ్లాసుంది. ఆ గ్లాసు భవిష్యత్తే ప్రమాదంలో పడింది. ఆయన మానేస్తే ఆదివారం సాయంత్రాలు నేనొక్కణ్ణే ఏం చేయను?

"చెల్లెమ్మా, ఆచారంలో కూరగాయలన్నీ వదలమని లేదు. ఒక కూరగాయ. అలాగే మందంతా కాదు, ఒక మందు వదిలితే చాలు," అన్నాను.

"ఏ మందు?"

"అన్నిటికన్నా గొప్పది. మీ బీరువాలో పట్టుచీరల వెనక ఉన్నది."

మా వియ్యంకుడు ఉలిక్కిపడ్డాడు. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి కాలం చేసిన వాళ్లన్న, ఒక్కో ప్రయాణంలో ఒక్కోటి చొప్పున తెచ్చి తమ్ముడికిచ్చిన మూడు సీసాలవి. మంచిరోజు చూసి తీద్దామని ఆయన వాటి మూత ముట్టలేదు. అలాంటి సీసాలు ప్రపంచంలో ఆ మూడేనని నేను లాలాగూడలో తెలిసినవాళ్లందరికీ చెప్పి ఉంచాను. నిజానికి శ్రీమంతుల అద్దాల అలమరాల్లో బోలెడున్నాయి. మాకు తెలిసిన ఇళ్లల్లో లేవు, అంతే.

ఆయన్ని బాల్కనీలోకి లాక్కెళ్లి చెవిలో చెప్పాను.

"బావగారూ, ఆ విస్కీ కాచే బట్టీ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు కొందామన్నా దుకాణాల్లో దొరకదు. దొరకనిదాన్ని వదిలితే మీకు పోయేదేముంది?"

ఆయన నా భుజం తట్టి, "బావా, మీరు రైల్వేల ఎందుకు వడ్డరు? వకీలు అయ్యేదుండె," అన్నాడు.

లోపలికి వచ్చి ఒప్పుకున్నట్టు గంభీరంగా తలూపాడు. కానీ మా వియ్యపురాలు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. చిక్కుడుకాయ ఈనె తీస్తూ అడిగింది.

"గా సీసల మూత ఎన్నడు తీసిండ్రు? రుచే తెల్వనిది ఇష్టమెట్లయితది? దేవుని దగ్గర అబద్ధం చెప్తరా? ముందుగాల తాగుండ్రి. నచ్చిందో లేదో నేను మీ మొఖం చూసి చెప్త."

ఆ విధంగా, వదిలేయడానికి ముందు ఇష్టపడడం కోసం, మరుసటి రోజు సాయంత్రం మేము మూడు సీసాలూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాం. మా ఆవిడ కూడా వచ్చింది. వియ్యపురాలు ఆ రోజూ చిక్కుడుకాయల జల్లెడతోనే ఎదురుగా కూర్చుంది. మూడూ ఒకే బట్టీవి. స్కాట్లండులో సముద్రం ఒడ్డున ఉండేదట. బట్టీ మూసేశాక గోదాముల్లో మిగిలిపోయిన పీపాలను కొన్ని పద్దెనిమిదేళ్లకు, కొన్ని పాతికేళ్లకు, కొన్ని ముప్ఫయ్యేళ్లకు విప్పి సీసాల్లోకి ఎత్తారు. విస్కీకి వయసు వచ్చేది పీపాలో ఉన్నన్నాళ్లే. సీసాలోకి వచ్చాక దానికి పుట్టినరోజులుండవు. ఇదంతా వివరించి, ఆ బట్టీ గేటు ముందు నిలబడి సముద్రపు గాలి పీల్చినప్పుడు నాకు కళ్లు చెమర్చాయని కూడా చెప్పాను. నిలబడింది ఫోనులో వీడియో ముందు. కళ్లు చెమర్చింది ఉల్లిపాయలకు. అప్పుడు పక్కనే మా ఆవిడ తరుగుతోంది.

నియమాలన్నీ నేనే పెట్టాను. సోడా లేదు, ఐసు లేదు, నోట్లోకి ఏమీ లేదు.

"సర్వపిండి సుత లేకుంట ఎట్ల బావా?"

"కారం తగిలితే నాలుక చచ్చిపోతుంది బావగారూ. అయ్యాక తిందాం."

"ఇది తాగుడా, ఉపాసమా?"

పద్దెనిమిదేళ్ల సీసా బిరడా తిప్పగానే ముక్కలై సగం లోపల పడింది. పాత బిరడాలు అంతేనట. వంటింట్లోంచి చిన్న జల్లెడ తెప్పించి వడగట్టాం. నేను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఆహా, ఏలకులు! ఎక్కడో లోపల, పొగ కింద, సన్నగా అల్లం కూడా," అన్నాను.

"గది మా చాయ్ జాలి అన్నా," అంది వియ్యపురాలు.

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక లేచి వంటింట్లోకి వెళ్లి, ఉతికిన పాత పంచె ముక్క తెచ్చింది. సీసాలోది ఇంకో గ్లాసులోకి పంచెగుడ్డతో వడగట్టి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి నిజమైన వాసన వచ్చింది. అక్కడి చిత్తడి నేలల్లోంచి తవ్విన మట్టిపెళ్లలు కాల్చి, ఆ పొగ మీద బార్లీ ఆరబెడతారు. ఆ పొగ. వర్షాకాలంలో తడికట్టెలు ఎగదోసి నీళ్లు కాచినప్పుడు పెరడంతా కమ్ముకునే పొగ. దాని వెనక ఉప్పు. దాని వెనక అప్పుడే ఊదేసిన కొవ్వొత్తి.

మా వియ్యంకుడు ఒక గుక్క మింగి, మొఖం వేపకాయ తిన్నట్టు పెట్టాడు. జీవితమంతా సోడాలో ముంచి తాగిన మనిషి. బల్ల కింద నేను కాలితో తన్నాను. వెంటనే, "మస్తున్నది," అన్నాడు.

"అబద్ధం," అంది ఆమె తల ఎత్తకుండానే.

తర్వాత ముప్ఫయ్యేళ్లది తీశాం. దీని గురించి నేను పొద్దుటి నుంచీ ఊదరగొట్టి ఉన్నాను. వయసు పెరిగేకొద్దీ విస్కీ దేవుడికి దగ్గరవుతుందన్నాను. తీరా తాగితే అంతా చెక్క. వడ్రంగి కొట్లో నోరు తెరుచుకుని నిద్రపోయినట్టుంది. పొగ పోయింది, ఉప్పు పోయింది, పీపా ఒక్కటే మిగిలింది.

"గింతేనా బావా? ముసలితనం రాంగనే మంచిగైతదంటిరి?"

"అందరికీ కాదు బావగారూ. మనకు అయిందా?"

ఇక పాతికేళ్లది. దాని బిరడా సాఫీగా వచ్చింది. నేను వాసన చూసి ఏదో అనబోయి, మా వియ్యంకుడి వైపు చూసి ఆగిపోయాను. ఆయన అప్పటికే ఒక గుక్క తాగి, గ్లాసు పట్టుకున్న చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, గోడ వైపు చూస్తున్నాడు. నేను నేర్పిన ఆహాలూ ఓహోలూ ఏమీ అనలేదు. మరికాస్త తాగాడు. కాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

నేనూ తాగాను. పొగ ఉంది, కానీ పక్కింట్లో ఉంది. ఉప్పు కరిగి, ఊరిన నిమ్మకాయ తొక్క రుచికి తిరిగింది. కొవ్వొత్తి వాసన తేనెపట్టు మైనమైంది. చెక్క కూడా ఉంది, పాత టేకు పెట్టె మూత తీసినట్టు, అంతే. మింగాక చాలాసేపు వెళ్లిపోకుండా గొంతులోనే ఉండిపోయింది. ఇందులో అతిశయోక్తి లేదు. కావాలంటే పెట్టగలను, కానీ అక్కర్లేదు.

వియ్యపురాలు చేతిలో పని ఆపి మొగుడి మొఖంలోకే చూస్తోంది.

"బావా," అన్నాడు ఆయన మెల్లగా. "గిది మళ్ల చెయ్యరా?"

"చేయరు."

"ఎవ్వరు సుతనా?"

"బట్టీయే లేదు కదా బావగారూ. మూసేసి ఎన్నేళ్లయిందో."

అనేశాక గానీ నాకు తెలియలేదు. నేను బాల్కనీలో చెవిలో చెప్పిన రహస్యాన్ని అందరి ముందూ బల్ల మీద పెట్టేశాను.

"ఏందీ? మూసేసిండ్రా?" అంది వియ్యపురాలు. "అంటె దొరకనిదాన్ని వదలమన్నరా అన్నా? పొట్లకాయ వదిలినోళ్లు గిట్లనే సలహాలిస్తరు! చాలు. పూరా మందే వదలాలె ఈయన."

నేను నేల చూపులు చూస్తున్నాను. మా ఆవిడ చూస్తున్నది మాత్రం నన్నే. అప్పుడు మా వియ్యంకుడు గ్లాసు బల్ల మీద పెట్టి, నేను కలలో కూడా ఊహించని మాట అన్నాడు.

"సరే. రమ్ము, బీరు, బ్రాందీ, నేను రోజు తాగే విస్కీ, అన్ని వదుల్త. గిదొక్కటి వదల. గీ మూడు సీసల తోటి తప్ప నాకింక దేని తోటి పని లేదు."

ఆమె జల్లెడలోని చిక్కుడుకాయలు ఒకసారి ఎగరేసి, నా వైపు తిరిగింది.

"మళ్ల దొరకదు గద? పక్కా?"

"ఒట్టు."

"మీ ఒట్టు నేను నమ్మ. వదినా, మీరు చెప్పుండ్రి."

"ఈయన ఇవాళ చెప్పినవాటిలో ఆ ఒక్కటే నిజం వదినా," అంది మా ఆవిడ.

"అయితె మంచిది. గీ మూడు సీసలు ఉంచుకోండ్రి. మిగిలినయి అన్ని గంగల." ఆమె జల్లెడ తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆమె మొఖంలో నవ్వు చూసినప్పుడు నాకు విషయం అర్థమైంది. సీసాలు మూడే. బట్టీ లేదు. అవి అడుగంటిన రోజున ఆయన ఆమె కోరుకున్న మనిషే అవుతాడు. ఆయన తప్పించుకోవడానికి నేను తవ్విన దారి తిన్నగా ఆమె వంటింట్లోకే వెళ్లింది. వేలంపాటల్లో ఎక్కడో దొరుకుతాయట. ఆ ముక్క నేను ఇప్పటికీ ఆయనకు చెప్పలేదు. చెబితే ఆమె నన్ను మళ్లీ ఇంట్లోకి రానివ్వదు.

కాశీలో ఆయన సంకల్పం విని గంగ ఒక్క క్షణం ఆగిందట. ఆయన అలా చెప్పలేదు, నేను చెబుతున్నాను. ఆయన చెప్పింది ఇంతే: పంతులు రెండుసార్లు అడిగి, "ఇది తప్ప అన్నీ" వదిలే మనిషిని ఇంతవరకూ చూడలేదన్నాడట.

తిరిగి వచ్చాక ఆయన ఆదివారాలు మాత్రమే, పాతికేళ్లది ఒక పాత రమ్ము సీసా మూతతో కొలుచుకుని తాగుతున్నాడు. సీసా ఖాళీ అయ్యేకొద్దీ లోపలికి గాలి చేరి రుచి చెడుతుందని నేను చెబితే, బజారుకు వెళ్లి గాజు గోలీలు కొనుక్కొచ్చి, కడిగి ఆరబెట్టి, ఒక్కోటే లోపల వేస్తున్నాడు, విస్కీ మెడ దాకా ఉండేలా. నాకూ ఒక మూత పోస్తానంటాడు. ఆ మూత ఆయన జీవితంలోంచి ఒక ఆదివారం తీసేస్తుంది. అందుకని నేను, "నాకు ముప్ఫయ్యేళ్లదే పోయండి బావగారూ, రుచి తెలిసిన నాలుకకు అదే సరిపోతుంది," అంటాను. ఆ వడ్రంగి కొట్టును నోట్లో పోసుకుని, దాని ఘనత గురించి పావుగంట ఉపన్యాసం ఇస్తాను. చందనం అంటాను, గుడి తలుపులంటాను. రైల్వేలో ఇంత కష్టపడలేదు.

మొన్న ఆదివారం ఆయన నన్ను అడగకుండానే పాతికేళ్లది ఒక మూత నా గ్లాసులో పోశాడు.

"ఇదేంటి? నాది అది కాదే."

"తాగుండ్రి బావా. ముప్ఫయ్యేండ్లది నోట్లె వడంగనే మీ చెవులు ఎన్కకు పోతయి. నాకు కనపడదా?"

నేను దాన్ని ఆయన గ్లాసులోకి వంచాను. ఆయన మళ్లీ నా గ్లాసులోకి వంచాడు. వియ్యంకుల మర్యాదలంటే తెలుసు కదా, వడ్డించే గరిటె పట్టుకుంటే విస్తరి చిరిగేదాకా ఎవరూ తగ్గరు. మీరంటే మీరని అది అటూ ఇటూ తిరుగుతుంటే, వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న మా వియ్యపురాలు ఇక ఉండబట్టలేక కసిరింది.

"గాలికి పోతున్నది గద! మళ్ల చేస్తరా దాన్ని? ఎవరన్న ఒకలు తాగుండ్రి!"