మిద్దె ట్యాంకు నీళ్ళు

తిరుపతిలో ఒక క్యాన్సర్ ఆస్పత్రిలో రేడియేషన్ మిషన్‌ను ఏళ్ళ తరబడి నేనే నడిపానని మా వీధిలో చెప్పుకుంటూ ఉంటాను. నడపలేదు. ఒక్క బటన్ కూడా నొక్కలేదు. మిషన్‌ను పరీక్షించే రోజు రోగి పడుకునే బల్ల మీద తొట్టి పెట్టి నీళ్ళు నింపడం నా పని. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి మనిషికి బదులు ఆ తొట్టి. అందులో కొలిచే పరికరం దించి, మిషన్ ఇవ్వాల్సినంతే ఇస్తోందా లేదా అని మా ఫిజిసిస్టు మేడమ్ చూసేవారు.

నీళ్ళు ముందురోజు సాయంత్రమే నింపాలి. తెల్లారేసరికి అవి ఏసీ గది చల్లదనానికి వస్తాయి. నీళ్ళు వేడిగా ఉంటే కొలత అసలుకన్నా తక్కువ చూపిస్తుందని ఆమె నాకు ఎన్నోసార్లు చెప్పారు.

ఒక మే నెలలో మిషన్ చెడి రెండు రోజులు ఆగింది. బాగుచేశారు గానీ, పరీక్ష అయితే తప్ప రోగులను పడుకోబెట్టరు. నేనేమో చిత్తూరు బస్సు తప్పిపోతుందని ముందురోజు సాయంత్రం నీళ్ళు నింపకుండానే వెళ్ళిపోయాను. మర్నాడు ఎండెక్కాక వచ్చి, మిద్దె మీది ట్యాంకు పైపు పెట్టి గబగబా నింపేశాను.

బయట బెంచీ మీద కార్వేటినగరం నుంచి వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. గొంతుకు వైద్యం. రెండు రోజులుగా ఉత్తచేతులతో తిరిగిపోతోంది.

“ఏమన్నా, ఈ పొద్దన్నా పెడతారా? నడమ నిలిపితే రోగం తిరగబడతాదంట గదా?” బొంగురుగా అడిగింది.

“నేనుండాను గదమ్మా, అర్ధగంటలో పెట్టిస్తా,” అన్నాను, మిషన్ నా జేబులో ఉన్నట్టు.

లోపల మేడమ్ మూడుసార్లు కొలిచారు. మూడుసార్లూ తక్కువే వచ్చింది.

“నిన్న సాయంత్రం నింపిన నీళ్ళే గదా, పెద్దాయనా?”

“నిన్నటివే మేడమ్.”

“అయితే మిషనే తక్కువ ఇస్తా ఉండాది. ఇంజనీరుతో చెప్పి పెంచాల్సిందే.”

పెంచితే ఆ బొంగురు గొంతు మీద పడే రేడియేషన్ ఎక్కువవుతుంది.

“మేడమ్... ఒకసారి తొట్టిలో చెయ్యి పెట్టి సూడండి.”

ఆమె వేలు ముంచి తీసి, నా మొహం చూశారు. “స్నానానికి కాచి పెట్టినావా? సోపు గూడా తెచ్చింటే సరిపోయేది!”

నన్ను తిట్టలేదని రాద్దామనుకున్నాను. తిట్టారు, బాగానే తిట్టారు. ఆ నీళ్ళు పారబోసి, డాక్టర్ల ఏసీ గదుల్లోని తాగునీళ్ళ క్యాన్లు పది మోసుకొచ్చాను. సరే, రెండు. అవి కుదురుకున్నాక కొలిస్తే మిషన్ సరిగ్గానే ఉంది. అప్పటి నుంచి మేడమ్ నా మాట నమ్మకుండా తొట్టిలోనే థర్మామీటర్ దించేవారు. ఆ ఉపాయం నాదేనని కూడా కొన్నాళ్ళు చెప్పుకున్నాను.

బెంచీ దగ్గరికి పోయి, వేడి నీళ్ళు పోసి కొలత తప్పించి ఆలస్యం చేసింది నేనేనని ఆమెకు చెప్పాను.

“నన్ను పండబెట్టకముందే సెప్పినావు గదా. పోనీలే అన్నా,” అని లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత రోజూ నన్ను చూడగానే ఒకటే ప్రశ్న: “నీళ్ళు సల్లారినాయా అన్నా?”

వైద్యం ముగిసిన కొన్ని నెలలకు చూపించుకోవడానికి వచ్చి, వరండా ఆ చివర నుంచే అదే మాట కేకేసింది. చీటీల కోసం నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూశారు. ఆ కేకలో బొంగురు లేదు.