తమలపాకులో బయానా

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా వీధిలో పాలు పోసే వదిన. క్యాను వాకిట్లో దించి, "ఏం వదినా, నువ్వు బండలేస్తనన్న ఇంటికాడ పొద్దుగాలనే టైల్స్ లారీ ఆగింది. నీ బండలేమైనయ్?" అంది. పాలు పోయించుకోకుండానే గిన్నె గట్టు మీద పెట్టేశాను.

నేను వికారాబాద్‌లో ఇళ్లకు తాండూరు బండలు పరుస్తాను. బడికి పోలేదు. కొలతలు, నేల వాలు, పాలిష్ అన్నీ మా నాయన వాకిట్లో సుద్దముక్కతో గీసి నేర్పాడు. ఇవాళ్టికీ ఏ ఇంట్లోనైనా మొదటి బండ దింపే ముందు దేవునికీ ఆయనకూ మనసులోనే దండం పెట్టుకుంటాను.

లారీ ఆగిన ఆ ఇంటామె అంతకుముందే నన్ను పిలిచి, పూజగది నేలలో పద్మం కావాలంది. నీలి బండల నడుమ పసుపు బండతో ఎనిమిది రేకులు. అందుకు తాండూరులో గది కొలతకు కోయించాలి. అట్లా కోశాక అవి ఇంకో ఇంట్లో కుదరవు. అందుకే బయానా, అంటే ముందుగా కొంత సొమ్ము, అడిగాను. ఆమె లోపలికి వెళ్లి తమలపాకులో పోకచెక్క, నూటొక్క రూపాయలు పెట్టి తెచ్చి, నాకు బొట్టు పెట్టి మరీ ఇచ్చింది.

"అక్కా, బయానా అంటే బండల ఖర్చుల మూడో వంతన్న..." అన్నాను.

"ఏంది చెల్లె, మా మీద నమ్మకం లేదా? ఇల్లిడిసి యాడికి పోతం? దేవుని గదికి గూడ గీ లెక్కలేనా?"

ఆ చివరి మాటతో నేను లెక్క వదిలేశాను. దేవుని పేరెత్తితే నేను మెత్తబడతానని ఆమెకు తెలుసు. తమలపాకును కళ్లకద్దుకున్నాను. మా వైపు అట్లా అద్దుకుంటే పని ఒప్పుకున్నట్టే. నా తప్పు అదే. బయానా అంటే ఆమెకు శకునం, నాకేమో బండల ధర.

తాండూరులో కోత మిషన్ నడిపే పెద్దాయన మా నాయన స్నేహితుడు. కాకా అని పిలుస్తాను. మిషన్ యజమాని ఉద్దెరకు, అంటే అప్పు మీద, కోయడం కుదరదంటే, "గీ బిడ్డకు నేను జమానత్. పైసలు రాకుంటే నా కూలిల పట్టుకో" అన్నాడు. నీళ్లలో తడుస్తూ, ఒక్కొక్క అంచునూ వేలితో తడిమి చూస్తూ రేకులు తానే కోశాడు.

పాల వదిన చెప్పిన గంటలోనే ఆ ఇంటికి వెళ్లాను.

"అక్కా, బండలు కోసి ఉన్నయ్."

"మా తమ్ముడు టైల్సే మంచిగుంటయన్నడు చెల్లె. ఏం జెయ్యాలె? నీ నూటొక్కటి వాపస్ అడుగుతలేను గద, ఉంచుకో."

ఉంచుకోవాలట!

"టైల్స్ దుకాణంల బయానా ఎంతిచ్చిన్రక్కా?"

"దుకాణపోళ్లు ఊకుంటరా? మొత్తం కట్టినంకనే లారీ కదిలిచ్చిన్రు."

నాకు ఒళ్లు మండిపోయింది. అద్దాల తలుపు వెనక కూర్చున్నవాడు అడిగితే అది పద్ధతి! అతన్ని ఎవరూ నమ్మకం లేదా అని నిలదీయలేదు, దేవుని పేరూ ఎత్తలేదు. నా దగ్గరికి వచ్చేసరికి దేవుణ్ణి తెచ్చి బేరంలో నిలబెట్టారు. ఆయన్ని అట్లా వాడుకోవడం నాకిప్పటికీ మింగుడుపడదు.

నూటొక్క రూపాయలూ వాళ్ల అరుగు మీద పెట్టి వచ్చేశాను. కానీ కాకా కూలి? యజమాని మూడు వారాలు పట్టుకున్నాడు. నేను పోయి తల వంచుకుని నిలబడితే కాకా, "ఫికర్ చెయ్యకు బిడ్డా. రేకులు మస్తు కుదిరినయ్, జూసినవా?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

దేవుని దయ, పరిగిలో ఒకరి వాకిలి పని దొరికింది. నీలి బండలను చిన్నవిగా కోయించి, తక్కువకే వేసి, కాకా కూలి కాకాకు చేర్చాను. ఎనిమిది రేకులు మాత్రం మా గోడకు ఆనించి ఉన్నాయి.

ఇప్పుడు డబ్బు మూడు విడతలుగా తీసుకుంటున్నాను. కోతకు ముందు ఒకటి, బండలు ఇంటి ముందు దిగాక ఒకటి, పాలిష్ అయ్యాక మిగిలింది. తమలపాకు ఇస్తే వద్దనను. మొదటి విడత చేతికి వచ్చాకే కళ్లకద్దుకుంటాను. ఎవరైనా నమ్మకం లేదా అంటే, "మీ మీద ఉన్నదక్కా, ఇంకొకరి కూలి పందెం పెట్టే హక్కే నాకు లేదు" అంటాను.

మీ ఇంటికి వచ్చిన పనివాళ్లు ముందు కొంత అడిగితే కోపం రావచ్చు. అప్పుడు, ఎవరి పూజగదికో రేకులు కోసి మూడు వారాలు ఉత్త చేతులతో ఇంటికి వెళ్లిన ఆ తాండూరు పెద్దాయనను ఒక్కసారి తలుచుకోండి.