వేరుతో సహా తెచ్చేవాళ్ళు

ఉదయం ఏడూ ఇరవైకి టైలరు గారు చచ్చిన నిమ్మమొక్కతో వచ్చారు. టైము గుర్తుండడానికి కారణం ఉంది. ఏడున్నర బస్సు తప్పితే రాజమండ్రిలో నాకు మొదటి క్లాసు పోతుంది. పుస్తకాల సంచీ భుజాన వేసుకుని నర్సరీ గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన స్కూటరు ఆపి, కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చిన మూటను నాన్నకు అందించారు. మొక్కను వేరుతో సహా తవ్వి, మట్టి రాలకుండా పాత గుడ్డలో కట్టి తెచ్చారు.

"చంపేశానండీ," అన్నారు.

"చూద్దాం ఉండండి. చంపింది మీరో, మేమో."

నాన్న గుడ్డ విప్పి, మట్టిగడ్డను నీళ్ళ తొట్టిలో ముంచి నెమ్మదిగా కడిగాడు. వేర్లన్నీ బయటికి పోయే దారి లేక గుండ్రంగా చుట్టుకుపోయి ఉన్నాయి.

"కవరు తియ్యకుండా పాతేశారా?"

"అడుగున కోశానండీ. పక్కలు కోస్తే మట్టి రాలిపోద్దని భయమేసింది."

"రోజంతా కత్తెర చేతిలోనే ఉంటుంది. మీకు కూడా భయమేంటండీ?"

టైలరు గారు నవ్వారు. నాన్న ఇంకో నిమ్మ అంటు తెచ్చి, కవరు ఎలా చీల్చాలో చూపించి ఇచ్చాడు. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. నాకు బస్సు తప్పింది.

మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. హైవే మీద ఉన్నవి పెద్దవి, అక్కడ లారీలకు మొక్కలు ఎక్కిస్తారు. మాది లోపల, కాలవ గట్టు పక్కన. మా దగ్గర కొన్న మొక్క చనిపోతే దాన్ని తెచ్చిచ్చి ఇంకోటి పట్టుకెళ్ళవచ్చు. ఎన్నాళ్ళలో అన్న లెక్క లేదు. షరతు ఒక్కటే, వేరుతో సహా తేవాలి. ఎండిన కొమ్మ తెస్తే నాన్న ఒప్పుకునేవాడు కాదు. "ఆకు చూసి నేనేం చెప్పగలనండీ?" అనేవాడు. ఈ సంగతి ఎక్కడా రాసి పెట్టలేదు. కొనేవాళ్ళకు తెలుసు, అంతే.

నేను చదువుతున్నది బీబీఏ. చివరి సంవత్సరంలో ఎంట్రప్రెన్యూర్‌షిప్ ఒక సబ్జెక్టు. వ్యవస్థాపకుడు అంటే నష్టభయాన్ని భరించేవాడు అని సారు చెప్పగా నోట్సులో రాసుకున్నాం. ఆ నిర్వచనం మూడు పరీక్షల్లో వచ్చింది. లైబ్రరీ పుస్తకంలో ఉదాహరణలన్నీ గ్యారేజీలో కంపెనీ మొదలుపెట్టిన విదేశీయులవే. గ్యారేజీ అంటే మాకు లారీల కింద మనుషులు పడుకుని ఉండే చోటు. అక్కడ కంపెనీ ఎలా పెట్టారో సారు చెప్పలేదు, మేమూ అడగలేదు. సారు చెడ్డవారు కాదు. పదకొండేళ్ళుగా ఆ సబ్జెక్టే చెబుతున్నారు. ఈ మధ్యలో ఆయన ఏదైనా అమ్మి ఉంటారని నేను అనుకోను.

ప్రాజెక్టు తప్పనిసరి. కొత్త వ్యాపారం ఊహించి రాయాలి, లేదా ఉన్న వ్యాపారాన్ని బాగుచేసి చూపించాలి. మిగతావాళ్ళు యాప్‌లు ఊహించారు. నేను నర్సరీ అన్నాను. సారు చాలా సంతోషించారు. తొమ్మిది గళ్ళ చార్టు ఇచ్చి నింపుకు రమ్మన్నారు. కస్టమర్లు ఎవరు, ఖర్చులేంటి, రాబడి ఎలా, ఇలా గడికొకటి. నేను నిజాయితీగా నింపాను. చనిపోయిన మొక్కకు మారు మొక్క ఇస్తాం అన్నది ఖర్చుల గడిలో రాశాను. దానికి ఇంకో గడి కనిపించలేదు.

సారు క్లాసులో అందరి ముందూ చదివారు. "వాడు నీళ్ళు పొయ్యక చంపుకున్నా కొత్తది ఇస్తారా?"

"ఇస్తామండీ."

"నర్సరీయా, ధర్మసత్రమా అమ్మా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది, వాళ్ళది కాదు, నాది.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. ఇది వేస్టేజ్ అనీ, గేటుకు బోర్డు కట్టి దీన్ని ఆపి చూపిస్తే ప్రాజెక్టుకు మంచి మార్కులు వస్తాయనీ, అమలు చేసినట్టు ఫొటో కూడా పెట్టాలనీ. నాన్న అంటు కడుతున్నాడు. చేతిలో పని ఆపలేదు.

"మరి మనం చేసిన తప్పు మనకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు.

అది ప్రశ్న అని అప్పుడు నాకు అర్థం కాలేదు. సారు దగ్గర నేర్చుకున్న జవాబు సిద్ధంగా ఉంది. "ఫీడ్‌బ్యాక్ ఫారం పెడదాం నాన్నా. ఫోన్‌లో స్కాన్ చేసి రాస్తారు."

చేతిలోని అంటుకు ముడి వేసి, "నీ చదువుకి పనికొస్తుందంటే బోర్డు కట్టు," అన్నాడు.

దసరా వెళ్ళిన వారంలో ఫ్లెక్సీ బోర్డు వచ్చింది. అమ్మిన మొక్కలు వాపసు తీసుకోబడవు అని ఎర్రక్షరాలు. కింద స్కాన్ చేసే గళ్ళబొమ్మ. నాన్నే కట్టుతీగతో గేటుకు బిగించాడు. మట్టి కవర్లు నింపే పెద్దావిడ ఒకామె ఉంది, నా చిన్నప్పటి నుంచీ మా దగ్గరే పని. నేను పిన్నీ అంటాను. ఆమెకు చదవడం రాదు. బోర్డు మీద ఏముందో నాచేత చదివించుకుంది.

"అయితే చచ్చినవి ఎక్కడ పెట్టమంటావే? నీ ఫోన్లోనా?"

"నువ్వూరుకో పిన్నీ."

"నేనూరుకుంటాలే. మొక్కలూరుకోవద్దూ?"

బోర్డు పక్కన నాన్నను నిలబెట్టి ఫొటో తీశాను. నవ్వమన్నాను. నవ్వాడు.

బోర్డుకు ముందే, ఆ ఏడాది వానాకాలంలో, కవర్లు నింపే ఎర్రమట్టి దొరకడం కష్టమైంది. భీమవరం వైపు పాత రొయ్యల చెరువు ఒకటి పూడుస్తున్నారు, గట్టు మట్టి ఉంది, తీసుకోమని ఎవరో చెప్పారు. నాన్న కొద్దిగా తెప్పించి ముందు నాలుగు కవర్లు నింపి చూశాడు. మొక్కలు బాగానే లేచాయి. దాంతో లారీ దింపించాడు. నిమ్మ అంటులన్నీ, టైలరు గారికి ఇచ్చినదాంతో సహా, ఆ మట్టిలోనే పెట్టాం. చలికాలమంతా అమ్మాం.

ప్రతి వేసవిలోనూ వారానికి నలుగురైనా చనిపోయిన మొక్కలు తెచ్చేవాళ్ళు. ఆ వేసవిలో ఒక్కరూ రాలేదు. నేను ప్రాజెక్టు చివరి పేజీలో వేస్టేజ్ సున్నా అని రాసి కింద గీత గీశాను. ఫారాల్లో వచ్చిన సమాధానాలు పట్టికగా వేశాను. సర్వీస్ బాగుంది, స్టాఫ్ మర్యాద బాగుంది, పార్కింగ్ కావాలి. ఒకాయన చెట్లు దేవుళ్ళు అని రాశాడు.

నాన్న అప్పుడప్పుడూ గేటు వైపు చూసి, "ఒక్కటీ చావలేదంటావా?" అనేవాడు.

"మంచిదే కదా నాన్నా."

"మంచిదే," అనేవాడు. వచ్చే సీజను కోసం అదే మట్టితో మళ్ళీ కవర్లు నింపించాడు. వద్దనుకోవడానికి నాన్న దగ్గర ఏ కారణమూ లేదు.

వైవాలో నాకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. అమలుచేసి ఫలితం చూపించిన ప్రాజెక్టు ఇదొక్కటే అని సారు మెచ్చుకున్నారు.

జూన్‌లో నాన్న చొక్కాలు కుట్టించుకోవడానికి టైలరు గారి షాపుకు వెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. కొలతలు తీస్తూ ఆయన మామూలుగా అన్నారు. "ఈసారి కవరు బాగానే చీల్చానండీ. అయినా పోయింది. మొన్న చలికాలంలో మా తమ్ముడు మీ దగ్గర కొనుక్కెళ్ళిన రెండూ కూడా పోయాయి."

నాన్న చెయ్యి అలాగే చాచి నిలబడ్డాడు. "మరి తేలేదేంటండీ?"

"బోర్డు పెట్టారు కదండీ. తెస్తే మీకు మొహమాటం, నాకు మొహమాటం."

అక్కడి నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాం. ఆయన తన మొక్కను పారేశారు, తమ్ముడి పెరట్లో ఒకటి ఎండిపోయి ఇంకా నిలబడి ఉంది. ఆకుల అంచులు కాలినట్టున్నాయి. నాన్న దాన్ని స్వయంగా తవ్వి, పెరటి కుళాయి కింద కడిగాడు. సన్న వేర్లన్నీ ముదురు రంగు తిరిగి చేతికి ఊడి వచ్చాయి. వేర్ల మధ్య మిగిలిన కవరు మట్టి చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు," అన్నాడు.

మా దగ్గర రోజుకు రెండుసార్లు నీళ్ళు పెడతాం, ఉప్పు కవరు అడుగుకు దిగి ఉంటుంది, తెలియదు. ఇళ్ళలో రెండు రోజులకోసారి పోస్తారు. ఎండలు మొదలయ్యేసరికి ఆ ఉప్పు పైకి వచ్చి వేర్లకు పడుతుంది. మొదటి మొక్క ఫిబ్రవరిలో చనిపోయి ఉంటుంది. ఆ ఒక్కటి మా తొట్టిలోకి వచ్చి ఉంటే నాన్నకు ఆ రోజే తెలిసేది.

కొత్తగా నింపిన కవర్లన్నీ నాన్నా పిన్నీ కలిసి గుమ్మరించారు. తొమ్మిది రోజులు పట్టింది. పిన్ని నన్ను ఏదైనా అంటే బాగుండేది. సాయంత్రాలు నాన్న మోపెడ్ మీద గుర్తున్న ఇళ్ళకు వెళ్ళి అడిగి వచ్చేవాడు. చాలామంది మొక్కను ఎప్పుడో పీకి పారేశారు. చాలామంది తమదే తప్పు అనుకున్నారు. "మా చెయ్యి మంచిది కాదండీ" అని నాన్నకే చెప్పారు.

సర్టిఫికెట్ కోసం కాలేజీకి వెళ్ళినప్పుడు సారుకు జరిగింది చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"ఇది సప్లై చైన్ ఫెయిల్యూర్ అమ్మా. మట్టిని టెస్ట్ చేయించాలి కదా."

"చనిపోయిన మొక్కలు వచ్చి ఉంటే తెలిసేదండీ. అదే మాకు టెస్ట్."

"బానే ఉంది. కేస్ స్టడీగా రాసివ్వు. జూనియర్లకు పనికొస్తుంది."

నేను రాయలేదు. రాస్తే అది ఏ గడిలో పడుతుందో నాకు తెలుసు. ఆయన మీద కోపం రావాలి, రాలేదు. ఆయనకు తెలియదు. నాకు తెలిసి ఉండాలి. ఆ తొట్టి పక్కన పెరిగింది నేను.

ఆ రోజే ఇంటికి వచ్చి బోర్డు తీసేశాను. కట్టుతీగ విప్పడానికి నాన్న సాయం పట్టాడు. మరుసటి ఏడాది నాన్న పోయాడు. గుండె జబ్బు. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పకుండానే నాకు తెలుసు. అయినా రెండిటినీ పక్కపక్కనే పెట్టుకుని చూస్తుంటాను. గోడ మీద ఉన్న ఫొటో ప్రాజెక్టులో పెట్టినదే, నాన్న నవ్వుతున్న ఫొటో మాకు అదొక్కటే ఉంది. ఫొటోలోంచి బోర్డును కత్తిరించేసి, నాన్న వరకు పెద్దది చేయించాం. కుడివైపు బోర్డు అక్షరాల ఎరుపు కొంచెం మిగిలిపోయింది.

ఇప్పుడు నర్సరీ నేను చూసుకుంటున్నాను. కొన్నవాళ్ళందరికీ నోటితోనే చెబుతాను, చనిపోతే వేరుతో సహా తీసుకురండి, ఇంకోటి ఇస్తాను అని. మొన్న ఒకావిడ గులాబీ మొక్కను చేతిలోకి తీసుకుంటూ, "శుభమా అని కొనుక్కెళ్తుంటే చావు మాటలెందుకమ్మా?" అంది. కొందరు ఫోన్‌లో ఎండిన ఆకు ఫొటో పంపుతారు. వేరు చూడాలండీ అంటే మళ్ళీ జవాబు రాదు. టైలరు గారు మాత్రం ఒకసారి వచ్చారు. ఆ జూన్ తర్వాత నాన్న ఇచ్చిన నిమ్మచెట్టు బతికింది. కాయలు ఇచ్చి వెళ్ళారు.

తొట్టిలో ఇప్పుడు మట్టిలో కలిపే కొబ్బరిపొట్టు నానబెడుతున్నాం. కడగడానికి వేర్లు ఎవరూ తేవడం లేదు.