ముందే వచ్చే మేయరమ్మ

మా మేయరు అస్లాగత్త ఎక్కడికైనా ముందే వస్తుంది. కాస్త ముందు వచ్చేవాళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఉంటారు. అస్లాగత్త అలా కాదు. భోజనానికి పిలిచినవాళ్ళు ఇంకా వంట సరుకులు తేవడానికి బయలుదేరుతుంటే, ఆవిడ గుమ్మంలో బూట్లు విప్పుతూ ఉంటుంది.

మా మోల్విక్‌లో ఇది చిన్న తప్పేం కాదు. ఇక్కడ భోజనానికి పిలిస్తే చెప్పిన వేళకి సరిగ్గా తలుపు గంట కొట్టాలి. తొందరగా చేరినవాళ్ళు సందు మలుపులో కారు ఆపుకుని, హీటరు వేసుకుని, గడియారం చూసుకుంటూ కూర్చుంటారు. శనివారం సాయంత్రం మా వీధులు కొత్తవాళ్ళు చూస్తే దొంగలు కాపు కాశారనుకుంటారు. నిజానికి వాళ్ళంతా ఒడిలో పూలగుత్తి పెట్టుకున్న అతిథులే. ఎవరూ నేర్పకుండానే మాకందరికీ వచ్చేసిన ఈ విద్య అస్లాగత్తకి మాత్రం అబ్బలేదు.

ఒకసారి మా అమ్మ తలకి రంగు పట్టించుకుని, భుజాల మీద పాత తువ్వాలు కప్పుకుని తలుపు తీస్తే ఎదురుగా అత్త. అమ్మ మొహం ఆ రంగు కంటే ముదురుగా మారింది.

"నువ్వు తల కడుక్కో. బంగాళాదుంపలు నేను చెక్కుతా," అంటూ అత్త వంటింట్లోకి నడిచింది.

మిగతా అతిథులు వచ్చేసరికి ఆవిడ దుంపలు చెక్కేసి, బల్ల సర్ది, మా నాన్నతో చొక్కా కూడా మార్పించింది.

తోర్‌గేర్ కూతురి పెళ్ళి సంగతి ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. అత్త చర్చికి వెళ్ళేసరికి అక్కడింకా ఎవరో పెద్దాయన అంత్యక్రియల ప్రార్థన నడుస్తోంది. ఎలాగూ వచ్చాం కదా అని కూర్చుంది. పాటలు పాడింది. పోయినాయన చెల్లెలు ఒంటరిగా కూర్చుంటే వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత కాఫీ తాగి, కేకు తిని, వచ్చి అదే బల్ల మీద పెళ్ళికి కూర్చుంది. పెళ్ళికూతురి తల్లి, కళ్ళెందుకు ఎర్రబడ్డాయని అడిగితే, "పాపం, మంచి మనిషట," అందట.

ఈ తోర్‌గేర్ గురించి చెప్పాలి. ఆయనది రేవులో పడవలు బాగుచేసే షెడ్డు. కౌన్సిల్‌లో ప్రతిపక్షం అంటే ఆయనే. అత్తా ఆయనా ఒకే తరగతిలో చదువుకున్నారు, అప్పటినుంచీ ఆవిణ్ణి ఏడిపించడం ఆయన ప్రధాన వృత్తి. కౌన్సిల్ సమావేశానికి అత్త ఊడ్చేవాళ్ళకంటే ముందొచ్చి కూర్చుంటుంది. అక్కడితో ఆగితే బాగుండును, చర్చ మొదలవకముందే ఓటు వెయ్యడానికి చెయ్యి కూడా ఎత్తేస్తుంది.

"మేయరమ్మా, దించు. మనం దేని మీద ఓటేస్తున్నామో ఇంకా చదవలేదు," అంటాడు తోర్‌గేర్.

"చదువు. ఈలోపు ఇలా ఉంటుంది. నాకేం బరువా," అంటుంది అత్త.

"నువ్వు నీ అంత్యక్రియలకి కూడా ముందురోజే వచ్చి కూర్చుంటావే."

"రాకపోతే కాఫీ ఎవరు పెడతార్రా? నువ్వా?"

ఇక విమానాశ్రయం. మా రన్‌వే కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న చిన్న ముక్క. దాని మీద దిగేది పంకాల విమానం. అక్కడున్న ఉద్యోగులంటే దాదాపు సిగ్రున్ ఒక్కత్తే. టికెట్లు చూసేదీ, బ్యాగులు తనిఖీ చేసేదీ, పసుపు కోటు తొడుక్కుని అవే బ్యాగులు మోసేదీ, మధ్యలో కాఫీ అమ్మేదీ ఆవిడే. ఎక్కాల్సినవాళ్ళంతా ఎక్కేశారని ఆవిడ చెయ్యి ఊపితే చాలు, పైలట్ టైముతో పని లేకుండా లేపుకుపోతాడు. ఎవరైనా రాకపోతే ఇంటికి ఫోన్ చేసి, బూట్లు వేసుకున్నావా అని అడుగుతుంది. అందుకని మోల్విక్ జనం విమానం దిగుతున్న చప్పుడు వినపడ్డాకే కాఫీ కప్పు కింద పెట్టి బయలుదేరతారు.

అస్లాగత్త మాత్రం విమానం అవతలి ఊళ్ళోంచి లేవకముందే ఇక్కడుంటుంది. ఎర్ర కోటు, చంకలో ఫ్లాస్కు, సంచిలో అల్లిక. చిత్రమేమిటంటే తనకి ప్రయాణం లేని రోజు కూడా ఉంటుంది. పొద్దున్నే చీకట్లో ఆ ఎర్ర కోటు ఎయిర్‌పోర్టు వైపు వెళ్ళడం చాలామంది చూశారు. దానికి తోర్‌గేర్ చెప్పిన కారణాన్నే ఊరంతా ఖాయం చేసుకుంది: రేపటి విమానానికి ఇవాళే వచ్చేసింది. నేనూ చాలాసార్లు నవ్వాను.

నేను లా పాసై మా మునిసిపాలిటీలో లాయరుగా చేరిన మొదటి శీతాకాలంలోనే ప్రభుత్వం కబురు పంపింది. మోల్విక్ విమానాశ్రయం మూసేస్తారట. రోడ్డుంది, దాని చివర పడవుంది, మీకది చాలు అన్నారు. ఆ రోడ్డు కొండ మీదుగా పోతుంది. మంచు పడితే అడ్డంగా గేటు వేసేస్తారు. పెద్దాసుపత్రి ఉన్న పట్నానికి విమానంలో కునుకు తీసేలోపు వెళ్ళిపోతాం. రోడ్డు మీదైతే, గేటు తీసి ఉంటే, ఒక పగలంతా పడుతుంది. గేటు వేసి ఉంటే ఎంత పడుతుందో మంచునే అడగాలి.

ప్రభుత్వం మీద కేసు వేద్దామని అత్త అంది. కౌన్సిల్ హాల్లో తలలన్నీ కాగితాల్లోకి వంగాయి. మా మునిసిపాలిటీకి మంచు కరిగేలా రోడ్ల మీద ఉప్పు చల్లడానికే డబ్బుల్లేవు. అప్పుడు తోర్‌గేర్ మెల్లగా చెయ్యెత్తాడు. అత్త చెయ్యి ఎలాగూ పొద్దుటినుంచీ పైనే ఉంది. వాళ్ళిద్దరి చేతులూ ఒకేసారి గాల్లో ఉండటం ఆ హాలు పుట్టాక అదే మొదలు.

"ఇదేదో వాతావరణ మార్పు," అన్నారెవరో.

కేసు మొత్తం ఒక్క ప్రశ్న మీద నిలబడింది. ఈ విమానాశ్రయం తప్పనిసరిగా ఎవరికి కావాలో ప్రభుత్వం నిజంగా చూసిందా లేదా? చూడలేదని మేం తేల్చగలిగితే మూసివేత చెల్లదు. కానీ వాళ్ళు చూశామంటున్నారు. రాజధాని నుంచి ఒక నిపుణుడు వచ్చి మా ఎయిర్‌పోర్టు హాల్లో రోజుల తరబడి కూర్చున్నాడట. కుర్చీలన్నీ ఖాళీ. జనమంతా ఆఖరి క్షణంలో నవ్వుకుంటూ పరిగెత్తుకొచ్చి, సిటీ బస్సెక్కినట్టు ఎక్కిపోతున్నారు. ఒక్క రోగి లేడు, ఒక్క దిగులు మొహం లేదు. కాబట్టి ఇది సరదా విమానం, మూసేస్తే ప్రాణాలేం పోవు. ఆసుపత్రి వాళ్ళని అడిగితే రోగుల వివరాలు చెప్పకూడదన్నారు. వెళ్ళొచ్చినవాళ్ళని అడుగుదామంటే మా ఊళ్ళో ఎవరూ తనకి జబ్బుందని ఒప్పుకోరు. కాలు విరిగినా, కాస్త పట్టేసింది అంటారు. నాకు నిద్ర పట్టడం మానేసింది.

కోర్టు పట్నంలో. విమానాశ్రయం కావాలని చెప్పడానికి విమానంలోనే వెళ్ళాం, తోర్‌గేర్‌తో సహా సగం కౌన్సిల్. అత్త సంగతి చెప్పాలా? తలుపులు తీసే గుమాస్తాతో పాటే లోపలికెళ్ళి, వరండాలో వాడిపోతున్న మొక్కలకి నీళ్ళు పోసింది. జడ్జిగారు వస్తుంటే, దారి చూపించబోయింది కూడా.

ప్రభుత్వం తరఫు లాయరు ప్రేబెన్‌గారు చాలా మర్యాదస్తుడు. ఆ మర్యాదతోనే మమ్మల్ని పొద్దుటినుంచి ముక్కలు ముక్కలుగా కోశాడు. నిపుణుడు సాక్ష్యం చెప్పాడు: హాల్లో ముందుగా వచ్చి కూర్చున్న ప్రయాణికులు ఎవరూ లేరు. నాకు అడగడానికి ఏమీ మిగల్లేదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను.

"అంటే, ఒక్క మనిషి కూడా కనబడలేదా?"

"ఒకావిడ ఉండేది," అన్నాడాయన. "ఎర్ర కోటు. కానీ ఆవిడ విమానం ఎక్కదు. వాఫుల్స్, అదే ఆ గళ్ళ అట్లు, పట్టుకుని తిరుగుతుంది."

వెనక బల్లల్లో నవ్వులు. నేనూ నవ్వేసి కూర్చునేదాన్నే. జడ్జిగారు మాత్రం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎన్ని వాఫుల్స్?"

"ప్లేటు నిండా. జామ్ కూడా. నాకోటి ఇచ్చింది. బావుంది," అన్నాడు నిపుణుడు నిజాయితీగా.

"మిగతావి?"

"లోపలికి పట్టుకెళ్ళింది. కాఫీ కౌంటరు వెనక ఏదో గది ఉంది."

"ఆ గదిలో ఎవరున్నారు?"

ఆయన తన రిపోర్టు తిరగేశాడు. సామాన్లు పెట్టుకునే గదనుకున్నానని మెల్లగా అన్నాడు.

జడ్జిగారు అత్తని సాక్ష్యం చెప్పడానికి రమ్మన్నారు. పిలుపు పూర్తవకముందే అత్త అక్కడ నిలబడి ఉంది.

"ఆ వాఫుల్స్ ఎవరికమ్మా?"

అత్త చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ దేనికైనా ఆలస్యం చెయ్యడం నేను చూడటం అదే మొదలు.

"మా హాలుకి మూడు వైపులా అద్దాలండి," అంది చివరికి. "ఎదురుగా సరుకుల కొట్టు. బ్యాగు పట్టుకుని కూర్చుంటే ఊరంతా చూస్తుంది. ఎక్కడికీ అని అడుగుతారు. మంచికే అడుగుతారు. కానీ పెద్దాసుపత్రికి కాన్సరుకి కరెంటు పెట్టించుకోడానికి వెళ్ళేవాళ్ళకి ఆ జవాబు చెప్పాలని ఉండదు. అలా అని ఇంట్లో కూర్చోలేరు. రాత్రంతా నిద్ర ఉండదు కదా, తెల్లారకుండానే వచ్చేస్తారు. అంత ముందొస్తే హాలు చల్లగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది. వాళ్ళకంటే ముందు ఎవరో ఒకరు వచ్చి హీటరు వెయ్యాలి కదండీ."

జడ్జిగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"విమానం వచ్చాక పరిగెత్తుకొచ్చేవాళ్ళలో కలిసిపోయి ఎక్కేస్తారు. సిగ్రున్ చూసుకుంటుంది," అని ముగించింది అత్త.

అంటే నిపుణుడు చూసిన ఖాళీ కుర్చీలన్నీ ఖాళీ చేసింది మా మేయరే. మా కేసుని ముంచుతున్నది అత్త పోసిన వాఫుల్స్. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ప్రేబెన్‌గారు లేచి, మర్యాదగానే, ఆ గదిలో కూర్చున్నవాళ్ళలో ఒక్కరి పేరైనా చెప్పగలరా అన్నాడు.

"చెప్పను."

"చెప్పకపోతే మీ మాటకి ఆధారం లేదు, మేయరుగారూ. విమానాశ్రయం పోవచ్చు."

అత్త నా వైపు చూసింది. ఆ చూపులో క్షమాపణ ఉంది కానీ, మనసు మార్చుకునే ఉద్దేశం లేదు. "అడగనని చెప్పి కూర్చోబెట్టాను వాళ్ళని," అంది. "ఇప్పుడు నేనే చెప్పేస్తే ఎలాగండీ?"

వెనక బల్ల కిర్రుమంది.

"నా పేరు రాసుకోండి," అన్నాడు తోర్‌గేర్.

చూడటానికి వచ్చినవాళ్ళు మాట్లాడకూడదని జడ్జిగారు హెచ్చరించారు. అయితే సాక్షిగా పిలవమన్నాడు. నేను లేచి అనుమతి అడిగాను. జడ్జిగారు ఇచ్చారు.

"పోయిన చలికాలం అంతా ఆసుపత్రికి వెళ్ళొచ్చాను," అన్నాడు తోర్‌గేర్ టోపీ నలుపుకుంటూ. "మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. పడవ ఇంజన్లు కొనడానికి అని చెప్పుకున్నాను. ఆ గదిలోనే కూర్చునేవాణ్ణి. రోడ్డు మీద అయితే సగం రోజులు గేటు దగ్గరే ఆగిపోయేవాణ్ణి."

"మేయరుగారు మిమ్మల్ని ఏమైనా అడిగేవారా?" అన్నాను.

"ఒక్కరోజు అడగలేదు. పక్కన కూర్చుని మేజోడు అల్లుకునేది. నేను బయటికొచ్చాక ఊళ్ళో ఆవిడ మీద జోకులు వేసేవాణ్ణి. రేపటి విమానానికి ఇవాళే వచ్చిందని. అలా చెబితే ఆ టైములో నేనెందుకు అక్కడున్నానో ఎవరూ ఆలోచించరని."

"నాకు తెలుసులేరా," అంది అత్త తన కుర్చీలోంచి.

"ఇంకోటి కూడా రాసుకోండి జడ్జిగారూ. ఆ వాఫుల్స్ మధ్యలో పచ్చిగా ఉంటాయి. ఎప్పుడూ. తొందరగా తీసేస్తుంది."

జడ్జిగారు దాన్ని రాసుకున్నారో లేదో తెలియదు కానీ, చేతి రుమాలుతో మూతి మాత్రం కప్పుకున్నారు. తోర్‌గేర్ దిగుతుంటే వెనక బల్లల్లో ఇంకొకరు లేచారు. తర్వాత ఇంకొకరు. వాళ్ళలో మా పక్కింటాయన ఉన్నాడు. ఆయన గుర్రప్పందేలకి వెళ్తున్నాడనుకున్నాం ఇన్నాళ్ళూ.

తీర్పు వసంతంలో వచ్చింది. అది రావాల్సిన రోజు పొద్దున, అత్త ఎప్పటిలాగే చీకట్లో ఎర్ర కోటు వేసుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్ళి వెనక గది తలుపు తీసింది. లోపల దీపం వెలుగుతోంది. హీటరు వేసి ఉంది. గది నిండా మాడు వాసన. తోర్‌గేర్ పెనం ముందు నిలబడి వాఫుల్‌తో కుస్తీ పడుతున్నాడు. సిగ్రున్ కిటికీలు తెరుస్తోంది. మా అమ్మా, నేనూ, సగం కౌన్సిలూ గోడవార ఇరుక్కుని కూర్చున్నాం.

"ఏంటి, ఇంత ఆలస్యం?" అన్నాడు తోర్‌గేర్.

అత్త గడియారం చూసుకుంది. మా మొహాలు చూసింది. జీవితంలో మొదటిసారి, తను వచ్చేసరికి కాఫీ కాగి ఉంది. ఏం చెయ్యాలో తెలియక కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

ఆ గదిలో ఉండగానే నా ఫోన్ మోగింది. రోగుల సంగతి చూడకుండా తీసుకున్న నిర్ణయం చెల్లదట. ప్రభుత్వం మళ్ళీ మొదటినుంచీ చూసుకోవాలి, అప్పటిదాకా విమానాశ్రయం నడవాలి. నేను విని చెబుతుంటే అత్త చెయ్యి అప్పుడే పైకి లేచి ఉంది, ఓటు వేస్తున్నట్టు.

తర్వాత మాడిన వాఫుల్ ఒకటి తుంచి నోట్లో పెట్టుకుని, "నువ్వు మరీ ఆలస్యంగా తీశావురా," అంది తోర్‌గేర్‌తో.

ఆ మర్నాడు మేం మళ్ళీ ముందే వెళ్దామని చూశాం. వెళ్ళేసరికి హీటరు వేసి ఉంది. ఈసారి అత్త ఇంకా ముందొచ్చింది.