మొఖం గూడ పెరుగుతదా సార్?

మా చిన్నప్పుడు... బడి ఇడిచిపెట్టినంక నెత్తి మీద దోస్తు చున్నీ కప్పుకొని ఇంటికొచ్చిన. అమ్మ వాకిట్ల తీగ మీది బట్టలు తీస్తున్నది. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల బ్లాస్టింగ్ అయిన రోజు ఉతికిన బట్టల మీద గూడ నల్ల దుమ్మే... దులుపుకుంట తిట్టుకుంటున్నది.

"ఇంత ఎండల ఆ ముసుగేందే?"

"జలుబు" అన్న.

అమ్మ చున్నీ గుంజింది. ఎడమ జడ చేతిలకు తీసుకున్నది... సగమే ఉన్నది.

గోదావరిఖనిల కంపెనీ క్వార్టర్ మాది. బాపు అండర్‌గ్రౌండ్ గనిల పని. నేను ఒక ప్రైవేటు స్కూల్ల ఎనిమిదో తరగతి. అదే స్కూల్ల పదో తరగతి పోరడు ఒకడు... పేరు రాయను, రాయబుద్ధి గూడ కాదు. వాళ్ల నాయిన కాంట్రాక్టర్, లారీలు తిరిగేటియి. అందుకని వాన్ని ఒక్క సారు గూడ ఏమనకపోతుండె.

ఆ రోజు ఆటల పీరియడ్ల నల్లా కాడ నీళ్లు తాగుతుంటే, ఎనుకకెల్లి వచ్చి జడ పట్టుకున్నడు. వాడు పిలిస్తే నేను పోలేదంట... అదీ నా తప్పు. బ్లేడుతోని కోసిండు. అదే బ్లేడు నా చెంపకు ఆనిచ్చి, "ఇంట్ల చెప్పినవనుకో... ఈసారి జడ గాదు, మొఖం" అన్నడు.

వరండాల మా క్లాసు సారు నిలబడి ఉన్నడు. చూసిండు. చూసి... లోపలికి పోయిండు.

అమ్మకు అంతా చెప్పిన. బాపు అప్పుడే ఫస్టు షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటున్నడు. "వాళ్లు పెద్దోళ్లు... లొల్లి వద్దు. వేరే స్కూల్ల ఏద్దాం" అన్నడు మెల్లగ.

"అది ఏం తప్పు జేసిందని స్కూల్ మారాలె?" అన్నది అమ్మ. "నువ్వు డ్యూటీకి పో. నేను పోత."

మా అమ్మ అప్పటిదాక ఒక్కతే ఏ ఆఫీసు మెట్లు ఎక్కలేదు. తెల్లారి నా చెయ్యి పట్టుకొని నేరుగా కరస్పాండెంట్ సార్ రూములకు పోయింది. కూసోమని గూడ అనలే ఆయన. అంతా ఇని నవ్విండు.

"చూడమ్మా, పిల్లలన్నాక ఇట్లాంటివి ఉంటయి. బయట చెప్తే నీ బిడ్డకే పేరు చెడుతది. జుట్టే గదా... రెండు దిక్కుల లెవల్ చేపియ్యి. మళ్ల పెరుగుతది."

అమ్మ ఆయన్నే చూసుకుంట నిలబడ్డది.

"మొఖం కోస్తనన్నడు సార్. మొఖం గూడ పెరుగుతదా?"

"అన్నడమ్మా... అన్నంత మాత్రాన చేస్తడా?"

"చేసినంక వచ్చి చెప్పాల్నా మరి?"

ఆయన గంట కొట్టి ప్యూన్‌ని పిలిచిండు. మమ్మల్ని బయటికి పంపిండు.

ఆ సాయంత్రం అమ్మ నన్ను తీసుకొని మా క్వార్టర్ల లైన్ల ఆ స్కూలుకు పోయే ఆడపిల్లలున్న ప్రతి ఇంటి తలుపు కొట్టింది. కొందరు "మాకెందుకు వదినా" అన్నరు. ఎదురు లైన్ల సరోజనక్క ఇంట్ల మాత్రం... వాళ్ల బిడ్డ రజిత కడుపునొప్పని ఎన్నో రోజులసంది బడికి వస్తలేదు. దవాఖానల చూపిస్తే ఏం లేదన్నరంట. అమ్మ నా జడ చూపిస్తుంటే, రజిత అర్రల కెల్లి బయటికొచ్చింది.

"నన్ను గూడ గట్లనే అన్నడు అత్తా... ఇంట్ల చెప్తే తమ్మున్ని కొడ్తనన్నడు" అని గోడకానుకొని ఏడ్చింది.

సరోజనక్క కాళ్లకు చెప్పులేసుకున్నది. ఇగ ఇద్దరూ కలిసి తిరిగిండ్రు.

తెల్లారి ప్రార్థన టైముకు స్కూల్ గేటు నిండ ఆడోళ్లే. చంకల పిల్లలతోని వచ్చినోళ్లు, గిన్నెలు తోముడు ఆపి తడి చేతులతోనే వచ్చినోళ్లు... కరస్పాండెంట్ సార్ ఉరికొచ్చి, "లోపలికి రండమ్మా, కూసొని మాట్లాడుకుందాం" అన్నడు.

"నిన్న లోపలే మాట్లాడినం గద సార్. ఇయ్యాల బయట మాట్లాడుదాం" అన్నది అమ్మ.

కొంచెం సేపటికి ఆ పోరని తండ్రి జీపుల దిగిండు. "మొగోళ్లు లేరా మీ ఇండ్లల్ల? ఆడోళ్లను రోడ్డు మీదికి తోలిండ్రా?" అన్నడు.

"మొగోళ్లు గనిలకు దిగిండ్రు" అన్నది అమ్మ. "నీ కొడుకు బ్లేడు తీసింది ఆడపిల్లల మీదికి. అడిగేది ఆడోళ్లమే."

వాడు చెయ్యి లేపుకుంట ముందటికొచ్చిండు... సరోజనక్క అమ్మకు అడ్డం వచ్చి నిలబడ్డది. ఆమె ఎనుక అందరూ. వాడు ఆగిపోయిండు. అక్కడికెల్లి అందరూ నడుసుకుంట పోలీస్ స్టేషన్‌కు పోయిండ్రు. నేను, రజిత మధ్యల.

ఎస్సై తండ్రీకొడుకులను పిలిపిస్తే, మొఖం కోస్తనన్న ఆ మొనగాడు "మళ్ల చెయ్య సార్" అని ఎక్కిళ్లు పెట్టి ఏడ్చిండు. వాన్ని స్కూల్ నుంచి తీసేసిండ్రు. అంతే. వేరే ఊర్ల పది రాసి పాసయిండు, తర్వాత లారీలు గూడ వానియే అయినయి. "పోరని జీవితం ఖరాబు చేసిండ్రు" అని కొన్నాళ్లు మమ్మల్నే అన్నరు. చూసి లోపలికి పోయిన ఆ సారు మాత్రం నేను పది పాసయ్యేదాక నాకు పాఠాలు చెప్పిండు. ఒక్కనాడు గూడ నా దిక్కు సూటిగ చూడలే.

నేను అదే స్కూల్ల చదివిన. రజిత గూడ. ఇద్దరం ఒకే బెంచీ.

ఇప్పుడు నా బిడ్డ బడిల ప్రతి మూలకు కెమెరా ఉన్నది, బస్సు ఎక్కితే ఫోన్‌కు మెసేజ్ వస్తది. కానీ రేపు దానికేమన్న అయితే, ఈ అపార్ట్‌మెంట్ల నేను ఏ తలుపు కొట్టాలె? పక్క ఫ్లాటోళ్ల బిడ్డ పేరు గూడ నాకు తెల్వది...

మీ కోసం గట్ల గేటు కాడికొచ్చి కొట్లాడినోళ్లు ఎవరన్న ఉన్నరా? ఉంటే వాళ్ల గురించి కింద రాయండి. ఎవ్వరూ రాకపోతే... అది గూడ రాయండి. కోపంగనే రాయండి.