సంగటి దగ్గర సీనియర్

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినాక, నేను పనిచేసే ఇంటి యజమానురాలు, మేం 'మామా' అని పిలిచే ఆమె, పిల్లల్ని తీసుకొని సౌదీకి పోయింది. నేను కువైట్‌లోనే ఫింటాస్ అనే చోట మన కోస్తా ఇంజనీర్లు ఉండే మేడలో వంటకు చేరినాను. వాళ్లంతా ఒకే పెద్ద కాలేజీలో చదివినోళ్లు. వాళ్లకో సంఘం ఉంది. మన దేశానికి విమానాలు జోర్డాన్ నుంచే పోతాండాయని, ఆ సంఘమే అక్కడికి బస్సు మాట్లాడింది. వంటమనిషినని నాకూ సీటిచ్చినారు.

ఇంకొక్క సీటు మిగిలింది. కింద గదిలో ఉండే మా కడప ఇంజనీరు అడిగినాడు. ఊర్లో ఆయన భార్యకు నెలలు నిండినాయి. కానీ ఆయన చదివింది చిన్న కాలేజీలో.

"ఒకర్ని చేర్చుకుంటే ప్రతి చిన్న కాలేజీవాడూ వస్తాడమ్మా" అన్నాడు సంఘం పెద్దాయన.

ఆ పొద్దు బియ్యం చాలక, ఊరి నుంచి తెచ్చుకున్న రాగిపిండితో సంగటి కెలికినాను. కడపాయన్నీ తినడానికి పిలిచినాను. పెద్ద కాలేజీ సార్లు సంగటిని కసకసా నమిలినారు. అది పండ్లకు పట్టుకొని ఒక్కరికీ నోరు పెగల్లేదు.

"నమలొద్దు సార్. పులుసులో ముంచి మింగేయండి" అని మా కడపాయన చేసి చూపించినాడు.

"నేను చదివింది నాలుగో తరగతి. నన్ను ఏ కాలేజీ అని ఎక్కించుకుంటాండారు సార్? సంగటి దగ్గర ఈయన సీనియర్, మీరంతా ఫస్టియర్!" అన్నాను.

పెద్దాయనకు నవ్వాగలేదు. ఎంగిలి చేయి కడుక్కోకుండానే, ఎడమచేత్తో వంకరటింకరగా బస్సు జాబితాలో కడపాయన పేరు రాసేసినాడు.

బస్సు కదిలే రోజు ఆ పెద్దాయనే తలుపు దగ్గర నిలబడి పిలిచినాడు: "సీనియర్ గారూ, యల్లా, పదండి, ముందు మీరెక్కండి!"