షారోన్ చదివిన నా వాక్యాలు

నిన్న పొద్దున ఆఫీసుకు వెళ్తుంటే బస్సులో మెసేజ్ చూశాను. షారోన్ ఇక లేదు.

ఏ షారోన్ అని తిరిగి అడిగాను. నాకు తెలిసిన షారోన్ ఒక్కతే. అయినా అడిగాను.

ఆస్తమా. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, బోయిగూడలో వాళ్ల గల్లీ దాటేలోపే ఊపిరాడక పోయిందట.

ఊపిరాడక అన్న ఈ ఒక్క ముక్క టైప్ చేయడానికి నాకు చేతులు రావడం లేదు. ఎందుకో మన ఎంఏ తెలుగు బ్యాచ్‌లో కొందరికి తెలుసు. తెలియనివాళ్లకు చెప్తాను.

ఫైనల్ ఇయర్‌లో మన డిపార్ట్‌మెంట్, ఒక కంపెనీ కలిసి ప్రాజెక్ట్ చేశాయి. ఆపదలో ఉన్నవాళ్లు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడితే కంప్యూటర్‌కు అర్థం కావాలి. అందుకు మేము భయపడుతున్నట్టు వాక్యాలు చదివి రికార్డ్ చేయాలి.

కంపెనీ పంపిన మొదటి వాక్యం, "నాకు శ్వాస తీసుకొనుట కష్టముగా ఉన్నది."

షారోన్ పడీ పడీ నవ్వింది. "ఊపిరాడనోడు ఎవడన్న గిట్ల మాట్లాడ్తడా సర్?" అని కంపెనీ ఇంజనీర్‌నే అడిగేసింది. ఆయన కూడా నవ్వి, మీరే రాయండి అన్నాడు. బోయిగూడలో ఎలా అరుస్తారో అలాగే రాసింది.

చదివే వంతు నాకు వచ్చింది.

తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, చెడ్డమాట నోటితో అనొద్దని మా నానమ్మ పెంచిన పెంపకం. మైక్ ముందు బొమ్మలా కూర్చున్నాను.

"ఏందే, గంత పరేషాన్ ఐతున్నవ్? ఇటియ్యి, నేను చదువుత. మా ఇంట్ల తథాస్తు దేవతలు లేరు."

అందరం నవ్వాం. నా వాక్యాలన్నీ తనే చదివింది. ఆస్తమా ఉన్న పిల్ల, ఎలా చదవాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ఒకసారైతే ఇంజనీర్ నిజమే అనుకుని లేచి నిలబడ్డాడు.

ఒక్కో వాక్యం అయ్యాక మైక్‌లోనే నవ్వి, "బతికే ఉన్ననే" అనేది.

రికార్డింగ్ కట్ చేసే పని నాది. వాక్యం తప్ప ముందూ వెనకా ఏమున్నా తీసేయాలని కంపెనీ రూల్. అన్నీ తీసేశాను, ఏదీ దాచలేదు.

నిన్న షారోన్ వాళ్లింటికి వెళ్తే ఆంటీ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "కాలేజీల దాని మాటలు రికార్డ్ చేసిన్రు గద బిడ్డా. ఒక్కపారి దాని గొంతు ఇనిపియ్యి. ఏదైన మంచిదే."

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాను.

"అయ్యో అమ్మా, ఊపిరాడ్తలేదు, జెర జల్ది రాండ్రి."

అన్నీ ఇలాంటివే. ఇవి ఆ తల్లికి ఎలా వినిపించను?

మాట మనిషిని చంపదని నాకు తెలుసు. చదువుకున్నదాన్ని. అయినా నిన్నటి నుంచి ఒక్కటే అనుకుంటున్నాను. ఆ వాక్యాలు చదవాల్సింది నేను.

అందుకే ఈ పోస్ట్.

షారోన్ వాయిస్ మెసేజ్‌లు పెట్టేది కాదు, అన్నీ టైప్ చేసేది. మీ ఫోన్‌లలో ఫేర్‌వెల్ వీడియోనో, ఎవరిదైనా బర్త్‌డే వీడియోనో ఉంటే జాగ్రత్తగా వినండి. వెనకెక్కడో తను మామూలుగా మాట్లాడి ఉంటుంది. చాయ్‌లో చక్కెర తక్కువైందన్న మాటైనా సరే, నాకు పంపండి.

ఆదివారం ప్రేయర్‌లో ఆంటీ మళ్లీ అడుగుతుంది. నేను వెతుకుతానని చెప్పి వచ్చాను.

పోయిరా షారోన్. ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.